ఇష్టమైన సామెతే మన నెత్తినెక్కి కూర్చుంటే ఏం చేయాలి?

తొందరబాబు:

ఆలస్యం అమృతం విషం. మా ఇంట్లో ఈ మాట రోజుకి నాలుగుసార్లైనా వినపడేది. నాన్న బూట్లు వేసుకుంటూ అనేవారు, అమ్మ నన్ను నిద్ర లేపుతూ అనేది, పెద్దయ్యాక నేనే ఫోన్ తెర మీద రాసి పెట్టుకున్నా. దీనివల్ల నాకు మంచి జరగలేదని అనను. ఏ బిల్లూ ఏనాడూ గడువు దాటలేదు, ఎవరికీ బాకీ లేను, ఆఫీసులో "వీడికి చెప్తే అయిపోయినట్టే" అనే పేరుంది. ఆ పేరంటే నాకు భలే ఇష్టం, ఒప్పుకుంటున్నా.

పోయిన నెల ఏమైందంటే, ఒక కస్టమర్ సాయంత్రం ఆరు దాటాక కొటేషన్ అడుగుతూ మెయిల్ పెట్టాడు. అప్పుడు నేను లిఫ్ట్‌లో ఉన్నాను. లిఫ్ట్ కిందికి దిగేలోపే ఫోన్‌లో ఫైల్ వెతికి, జత చేసి, పంపేశాను. మెయిల్ వచ్చిన నాలుగు నిమిషాల్లో జవాబు వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే అతని ఫోన్: "వాళ్లకి పన్నెండు శాతం తగ్గించి, మాకు ఏడేనా?" నేను పంపింది ఇంకో కస్టమర్ కొటేషన్. పేరుతో సహా, తగ్గింపుతో సహా.

మా బాస్ అరవలేదు. అరిచినా బాగుండేది. ఆ మెయిల్ తెరిచి నా ముందు పెట్టి, "నాలుగు నిమిషాల్లో పంపమని ఇందులో ఎక్కడుంది?" అని అడిగారు. చదివితే "వీలైనప్పుడు పంపండి" అని ఉంది. నేనసలు ఆ ముక్కే చదవలేదు.

అప్పటి నుంచి గమనిస్తున్నా, ఇది ఆఫీసుతో ఆగలేదు. నా భార్య నాలుగు లైన్ల మెసేజ్ పెడితే ఒక్క అక్షరంతో జవాబిస్తున్నా. ఎదుటివాళ్లు మాట పూర్తి చేసేలోపు ఆ మాట నేనే పూర్తి చేస్తున్నా, అదీ చాలాసార్లు తప్పుగా. సరే, మార్చుకుందామని ఫోన్ తెర మీద "నిదానమే ప్రధానం" అని పెట్టాను. రెండు రోజులు. పక్కింటాయన చొక్కా వేసుకున్నట్టుంది, తీసేశాను.

మీకూ ఇలాంటి మాట ఏదైనా ఉందా? అది పనిలో, ఇంట్లో మిమ్మల్ని ఎటు నడిపించింది? మార్చుకున్నవాళ్లుంటే ఎలా మార్చుకున్నారో చెప్పండి. "సామెతలు సామెతలే, పట్టించుకోకు" అని మాత్రం చెప్పొద్దు, అది మా తమ్ముడు ఆల్రెడీ చెప్పాడు.

చెక్కపొట్టు:

నాది వడ్రంగం పని, ఇరవై రెండేళ్ల నుంచి. రెండుసార్లు కొలువు, ఒకసారి కోయి అనే మాట అందరికీ తెలిసిందే. మా మేస్త్రి అది కాదు, ఇంకోటి అనేవాడు: "గీత నీదే కానీ, రంపం తిండి రంపం తింటుంది." మొదటి ఏడాది ఈ మాట నా బుర్రకెక్కలేదు. ముసలాయన ఏదో అంటున్నాడులే అనుకున్నా.

ఒక బీరువాకి నాలుగు అరలు కోయమన్నాడు. పలక పొడుగు సరిగ్గా నాలుగు అరలకి సరిపోతుంది, గుంజి చూసినా ఒక్క మిల్లీమీటరు ఎక్కువ లేదు. కొలిచాను, గీశాను, కోశాను, మళ్లీ కొలిచాను, గీశాను, కోశాను. మూడు కోతలు. చివర మిగిలిన ముక్కే నాలుగో అర అనుకుని పెట్టి చూస్తే తొమ్మిది మిల్లీమీటర్లు పొట్టి. ఎవరైనా కొట్టేశారా అన్నట్టు నేల మీద వెతికాను కూడా. అది నేల మీదే ఉంది నిజంగా, పొట్టు రూపంలో. రంపం పళ్లకి మందం ఉంటుంది కదా, కోసిన ప్రతిసారీ అంత చెక్కని పిండి చేసేస్తుంది. ఆ రంపంతో కోతకి మూడు మిల్లీమీటర్లు పోయేది.

మేస్త్రి తిట్టలేదు. ఆ పొట్టి అరని అలాగే బీరువాలో పెట్టించి, రెండు పక్కలా సందు కనపడేలా వారం రోజులు నా ఎదురుగా ఉంచాడు. వారం తర్వాత మార్చమన్నాడు.

ఆ వారం తర్వాత నేను దేనికి లెక్క వేసినా రంపం తిండి కలిపే వేస్తాను. ఎన్ని రోజుల్లో ఇస్తావు అని అడిగితే మనసులో ఐదు అనిపిస్తే నోటితో ఆరు అంటాను. ఆ ఒక్క రోజు రంపానిది. అందుకని మీ సామెత తప్పని నేను అనను బాబూ, అందులో రంపం లెక్క లేదు, అంతే. ఆ నాలుగు నిమిషాలు మొత్తం మీ గీతే. ఫైల్ పేరు ఒకసారి చదవడానికి పట్టే అర నిమిషం ఎక్కడా కలపలేదు.

దీనికీ ఒక జబ్బు ఉందిలెండి. రైలు ఎక్కాలంటే గంటన్నర ముందు స్టేషన్‌లో ఉంటాను. మా ఆవిడ "ఆ రంపాన్ని ఇంటి దగ్గర వదిలేసి రాకూడదా" అంటుంది.

గడియలేనితలుపు:

మా ఇంటి సామెత "చూద్దాంలే". పదకొండేళ్లుగా చూస్తున్నాం. బాత్రూం తలుపుకి గడియ స్థానంలో ఇంకా తాడే ఉంది. తొందరబాబు గారూ, ఒక వారం మా ఇంటికి వచ్చి ఉండండి, మన ఇద్దరికీ మంచిది.

పాతపుస్తకం:

తొందరబాబు గారూ, మీకో చిన్న షాక్ ఇవ్వనా? మీరు ఇన్నేళ్లూ మోసిన సామెత ఆలస్యం గురించి కాదు.

అంటే, మనం తెలుగులో ఆలస్యం అనుకునే ఆలస్యం గురించి కాదు. ఆ మాటని సంస్కృతంలో "ఆలస్యాదమృతం విషం" అంటారు. అక్కడ ఆలస్యం అంటే లేటవ్వడం కాదు, బద్ధకం. అలసుడు అంటే సోమరి, వాడి గుణం ఆలస్యం. హిందీలో ఇప్పటికీ ఆలస్య్ అంటే సోమరితనమే. భర్తృహరి కూడా ఆలస్యం మనిషి ఒంట్లోనే ఉండే పెద్ద శత్రువు అన్నాడు, ఆయన చెప్పింది రైలు లేటు గురించి కాదు కదా. ఆ పదం తెలుగులోకి వచ్చి స్థిరపడ్డాక దాని అర్థం మెల్లగా గడియారం వైపు జరిగింది. బద్ధకస్తుడికి చెప్పిన మందుని మీరు చురుకైన మనిషి అయ్యుండి రోజూ మూడు పూటలా మింగుతున్నారు. మందు మంచిదే, జబ్బే మీకు లేదు.

ఇలాంటిదే ఇంకోటి, కృషితో నాస్తి దుర్భిక్షం. ఇందులో "తో" మన తెలుగు "తో" అనుకుంటాం, కత్తితో కోశాను, చేత్తో పట్టుకున్నాను లాగా. కాదు. అది సంస్కృతంలో కృషితః, పక్కన నాస్తి వచ్చేసరికి సంధిలో కృషితో అయింది. పైగా అక్కడ కృషి అంటే వ్యవసాయం. కృషి విజ్ఞాన కేంద్రం అనే పేరులో ఉన్న కృషి అదే. సేద్యం చేస్తే కరువు ఉండదు అని చాలా నేల మీద నిలబడి చెప్పిన మాట. మనం దాన్ని "కష్టపడితే లేమి ఉండదు" చేసుకున్నాం. ఆ అర్థం కూడా బాగానే ఉంది, కానీ కష్టపడి కూడా లేమిలో ఉన్నవాడి ముఖం మీద ఆ మాట అనేటప్పుడు ఒకసారి ఆగితే మంచిది.

నా సంగతి చెప్పాలంటే, నేను పట్టుకున్నది ఆ శ్లోకంలోదే ఇంకో ముక్క. మౌనేన కలహో నాస్తి. మౌనంగా ఉంటే గొడవ ఉండదు. నాకు చాలా సరిపోయిన మాట, ఎందుకంటే నేను పుట్టు పిరికివాణ్ణి, ఈ మాట నా పిరికితనానికి పట్టుపంచె కట్టింది. ఒకసారి మా ఆఫీసులో పక్క సీటు అమ్మాయి మూడు వారాలు కూర్చుని చేసిన రిపోర్టుని మీటింగులో ఇంకొకాయన తనదని చూపించుకున్నాడు. ఆ గదిలో నిజం తెలిసినవాళ్లం ముగ్గురం, ఆయన, ఆ అమ్మాయి, నేను. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను నా పెన్ను మూత వైపు చూశాను. అనుకున్నట్టే గొడవేమీ జరగలేదు. ఆ తర్వాత రెండేళ్లు పక్క పక్క సీట్లలోనే కూర్చున్నాం, పని మాట తప్ప ఇంకో మాట లేదు.

శ్లోకం చివర "నాస్తి జాగరతో భయం" అని కూడా ఉంది, మెలకువగా ఉన్నవాడికి భయం లేదు అని. ఆ ముక్క నేను ఎందుకు పట్టుకోలేదో ఇప్పుడు తెలుస్తోంది.

తొందరబాబు:

పాతపుస్తకం గారూ, ఇది చదివి ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాను, నా లెక్కలో అది రికార్డు. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "అర్థం ఏదైతే ఏంటి, నువ్వు టైముకి లేచావా లేదా" అన్నారు.

నైట్‌డ్యూటీ:

నేను నర్సుని. మాకు ట్రైనింగ్ మొదటి వారం నుంచి చెవిలో పోసే మాట ఒకటి ఉంది, "రాయకపోతే చేయనట్టే". మందు ఇచ్చావు, టైము, డోసు, సంతకం చార్ట్‌లో లేవు. అయితే ఇవ్వలేదు. నువ్వెంత ఒట్టు పెట్టినా ఇవ్వలేదు.

కొత్తలో ఇదేదో పేపర్ పని అనుకున్నా. ఒక రాత్రి రెండూ నలభైకి ఒక పెద్దాయనకి నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇచ్చాను, చార్ట్ చేతిలోకి తీసుకునేలోపు పక్క బెడ్ దగ్గర అలారం మోగింది, పరిగెత్తాను. అక్కడ గంట పట్టింది. ఈలోగా పెద్దాయన మూలిగితే నాతో డ్యూటీలో ఉన్న అమ్మాయి వచ్చి చార్ట్ చూసింది, ఖాళీగా ఉంది. మందు సిరంజిలోకి లాగి, చెయ్యి పట్టుకుంది. ఆయన కళ్లు మూసుకునే "ఇందాకే పొడిచారుగా తల్లీ" అన్నాడు. ఆ అమ్మాయి ఆగి, నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆయన నిద్రలో ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు, అందుకే ఇప్పటికీ ఆ బెడ్ పక్క నుంచి వెళ్తుంటే చెయ్యి జేబులో పెన్ను మీదకి పోతుంది.

ఆ మాట నన్ను మంచి నర్సుని చేసింది, అందులో డౌట్ లేదు. ఇంట్లో మాత్రం నన్ను పోలీసుని చేసింది. ఫ్రిజ్ మీద కాగితం అంటించా, ఎవరు ఏ పని చేశారో రాయాలని. బట్టలు ఎవరు ఉతికారు, పిల్లవాడి హోంవర్క్ ఎవరు చూశారు, మా అత్తగారికి ఫోన్ ఎవరు చేశారు. మా ఆయన ఏదైనా చేశానంటే కాగితం వైపు చూసేదాన్ని. పాపం ఆయన మొదట్లో రాశారు. తర్వాత "7:10 బట్టలు మడత పెట్టాను, 7:25 నిట్టూర్చాను" అని రాయడం మొదలుపెట్టారు. నేను నవ్వలేదు ఆ రోజు. ఒకరోజు రాత్రి మా తొమ్మిదేళ్ల వాడు నిద్రపోయే ముందు నా బుగ్గ మీద ముద్దు పెట్టి, "రాసుకో అమ్మా, లేకపోతే పెట్టనట్టే" అన్నాడు. కాగితం అప్పటికప్పుడు చింపేశాను.

ఇప్పుడు డ్యూటీ అయిపోయి బ్యాడ్జి తీసి లాకర్లో పెట్టేటప్పుడు ఆ మాటని కూడా అందులో పెట్టి తాళం వేస్తున్నా అనుకుంటాను. పిచ్చిగా ఉంటుంది కానీ చాలావరకు పని చేస్తోంది. తొందరబాబు గారూ, మీ మాట బిల్లు కట్టే దగ్గర చాలా మంచి మాట. మీ ఆవిడ మెసేజ్ దగ్గర దానికి డ్యూటీ లేదు. మొత్తం తీసేసి ఇంకోటి పెట్టుకోవాలని చూశారు కాబట్టే పక్కింటి చొక్కాలా అనిపించింది మీకు.

ఎదురుప్రశ్న:

అందరూ సామెతల గురించి ఇంత ముద్దుగా మాట్లాడుతుంటే నేను కొంచెం నీళ్లు చల్లుతా.

ముందు ఒక సంగతి. సామెత మనకి ఎందుకు నచ్చుతుంది? నిజం కాబట్టి అనుకుంటాం. 2000లో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీని మీదే ఒక ప్రయోగం అచ్చు వేశారు. ప్రాస ఉన్న ఇంగ్లీషు సూక్తులు కొన్ని తీసుకుని, అదే అర్థంతో ప్రాస లేకుండా కూడా రాసి, జనానికి చూపించి ఇవి ఎంతవరకు నిజమో చెప్పమన్నారు. ప్రాస ఉన్నవే ఎక్కువ నిజమని అనిపించాయి. శబ్దాన్ని పక్కన పెట్టి అర్థం మాత్రమే చూడండి అని ముందే హెచ్చరిస్తే ఆ తేడా తగ్గింది. మనకి చెవి ఇంకా మెత్తన. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటాం. నోరు, ఊరు. ఇప్పుడు అదే మాటని "మాట తీరు బాగుంటే చుట్టుపక్కలవాళ్లు బాగుంటారు" అని చెప్పి చూడండి. వెంటనే "అన్నిసార్లూ కాదు లే" అనిపిస్తుంది కదా? ఆ అనిపించడమే బుర్ర పని చేయడం. ప్రాస దాన్ని జోకొడుతుంది.

రెండోది నాకు మంట పుట్టించేది. సామెత ఎవరు ఎవరికి చెప్తున్నారు? నా మొదటి ఉద్యోగంలో మేనేజర్ సీటు వెనక గోడ మీద "కష్టే ఫలి" అని ఫ్రేమ్ కట్టి ఉండేది. వరసగా ఆరు ఆదివారాలు పని చేయించుకున్నాడు. జీతం పెంచమని అడగడానికి లోపలికి వెళ్తే, కుర్చీ వెనక్కి వాల్చి, కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన అన్నాడు. నిజం చెప్తున్నా, అన్నాడు. వెనక గోడ మీద ఫలం వస్తుంది అని, ముందు నోట్లో ఫలం అడగకు అని. ఇంకో సంగతి, అది రథం మీద కృష్ణుడు అర్జునుడితో అన్న మాట, జీతం ఇచ్చేవాడు జీతం తీసుకునేవాడితో అన్నది కాదు. పైగా ఆ శ్లోకం అక్కడ అయిపోలేదు, నాలుగో పాదంలో "పని మానేయడం మీద కూడా ఆసక్తి పెట్టుకోకు" అని ఉంది, నేను ఆ పాదం పాటించకుండా మూడు నెలల్లో మానేశా.

అందుకే నా రూలు ఒకటే, నేను నాకు చెప్పుకుంటే అది సూక్తి, పైనున్నవాడు కిందివాడికి చెప్తే అనుమానించాలి. అదే "కష్టే ఫలి" మా అమ్మ కుట్టు మిషన్ మీద ముగ్గురిని చదివించి తనకి తాను చెప్పుకుంది. ఆ మాట ఆవిడ నోట్లో వింటే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి, ఆ మేనేజర్ నోట్లో వింటే పళ్లు నూరుతా. అక్షరం తేడా లేదు.

మూడోది పనికొచ్చేది, తొందరబాబు కోసం. "నిదానమే ప్రధానం" రెండు రోజులకే ఎందుకు ఊడిపోయింది? అందులో ఎప్పుడు అన్నది లేదు, ఎక్కడ అన్నది లేదు. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాశాడు, "నేను మారాలి" అనే ఉద్దేశం కన్నా "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తా" అని ముందే ముడి వేసుకున్నది ఎక్కువ నిలబడుతుందని. కాబట్టి బ్రదర్, ఫోన్ తెర మీద సూక్తి తీసేయండి. "ఫైల్ జత చేస్తే, పంపే ముందు దాన్ని తెరిచి పైన ఉన్న పేరు బయటికి చదువుతా" అని పెట్టుకోండి. ప్రాస లేదు, అందం లేదు, ఎవరూ ఫ్రేమ్ కట్టరు. చెక్కపొట్టు గారి మేస్త్రి వారం రోజులు ఆ సందు చూపించింది కూడా ఇందుకే అనుకుంటా, మాట గాలిలో ఉండకుండా ఒక చోటికి కట్టేశాడు.

చెక్కపొట్టు:

ఎదురుప్రశ్న గారూ, మేస్త్రికి అంత ఆలోచన లేదండి, కొత్త పలక తెప్పించడానికి వారం పట్టింది. కానీ మీరు చెప్పిందే బాగుంది, అలాగే ఉండనివ్వండి.

గడియలేనితలుపు:

"ఎప్పుడు, ఎక్కడ" అన్నారు కాబట్టి రాస్తున్నా. ఆదివారం, పదింటికి, బాత్రూం తలుపు. మా ఆవిడకి చెప్తే "చూద్దాంలే" అంది.

తొందరబాబు:

పది రోజులైంది, చెప్పి వెళ్దామని వచ్చా. ఫోన్ తెర మీద ఇప్పుడు ఏ మాటా లేదు, పిల్లల ఫొటో పెట్టాను. ఫైల్ పంపే ముందు పేరు బయటికి చదువుతున్నాను, లిఫ్ట్‌లో ఉన్నప్పుడు కూడా, పక్కవాళ్లు వింతగా చూస్తున్నారు. నిన్న అలా చదువుతుంటే పాత తేదీ ఉన్న ఫైల్ ఒకటి దొరికింది, పంపకుండా ఆగాను. బిల్లుల దగ్గర పాత సామెతే నడుస్తోంది, దాన్ని కదపలేదు.

కష్టంగా ఉన్నది మాత్రం ఆఫీసు కాదు, ఇల్లే. ఆవిడ మాట్లాడుతుంటే మధ్యలో నా నోరు తెరుచుకుంటుంది, ఆపుకుంటున్నానని ముఖంలో తెలిసిపోతుందట. మొన్న తను ఏదో చెప్తూ చెప్తూ ఆగి, "ఏంటి, అరిగేదాకా నములుతున్నావు మాటని, చెప్పేయ్" అంది. చెప్పాను. తప్పే. తను చెప్పబోయింది అది కాదు. సరే, మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాను, ఈసారి మొత్తం విన్నాను, ఇరవై నిమిషాలు పట్టింది. నైట్‌డ్యూటీ గారూ, మా ఆఫీసులో లాకర్లు లేవు, మీ పద్ధతికి ఇంకేదైనా చోటు చెప్పండి.